ఫ్రిజ్‌లో అయిదు రీళ్లు

మా ఫ్రిజ్ కింది అరలో మూడేళ్లకు పైగా ఒక ప్లాస్టిక్ డబ్బా కదలకుండా ఉంది. అందులో అయిదు రీళ్లు. ఫుజీఫిల్మ్ ప్రో 400హెచ్, ఒక్కోటి 36 ఫ్రేములది. ఆ ఫిల్మ్ తయారీ ఆపేస్తున్నామని 2021 జనవరిలో కంపెనీ ప్రకటించింది. వార్త చదివిన నెలలోనే దొరికినన్ని కొనేశాను. మంచి సందర్భం వచ్చినప్పుడు వాడదామని మూత పెట్టాను. మంచి సందర్భాలు వచ్చాయి, వెళ్లాయి. మూత మాత్రం తీయలేదు.

ఫిల్మ్ మీద ఫొటోలు తీసేవాళ్ల ఇళ్లలో ఇలాంటి డబ్బా ఒకటి ఉంటూనే ఉంటుంది. నాకు తెలిసిన ఒకాయన దగ్గర కొడాక్ కంపెనీ పాత కలర్ ఫిల్మ్ కొడాక్రోమ్ రీల్ కూడా ఉంది. కొడాక్రోమ్ 1935లో వచ్చింది, 2009లో ఆపేశారు. దాన్ని కడిగే ఆఖరి ల్యాబ్ అమెరికాలో కాన్సస్ రాష్ట్రం పార్సన్స్ ఊళ్లో ఉన్న డ్వేన్స్ ఫొటో. 2010 చివరితో వాళ్లు కూడా ఆ రీళ్లు తీసుకోవడం మానేశారు. మిగతా కలర్ ఫిల్మ్‌లలో రంగుకు కావలసిన సరుకు ఫిల్మ్‌లోనే ఉంటుంది. కొడాక్రోమ్‌కి అది కడిగేటప్పుడు బయటి నుంచి అందించాలి. ఆ రసాయనాలు, ఆ యంత్రాలు పోయాక ఇంట్లో ఎంత జాగ్రత్తగా దాచినా లాభం లేదు. నలుపు తెలుపులో కడిగితే ఏదో బొమ్మ వస్తుంది గానీ రంగులు రావు. ఆయన ఆ రీల్‌ని నాకు చూపించినప్పుడు పాపం అనిపించింది. ఇంటికొచ్చాక నా డబ్బా గుర్తొచ్చింది.

నేను ఎక్స్‌రే టెక్నీషియన్‌ని. ఉద్యోగంలో చేరిన కొత్తలో మా దగ్గర ఇంకా ఫిల్మే ఉండేది. ఎక్స్‌రే తీయడం, క్యాసెట్ పట్టుకుని డార్క్‌రూమ్‌లోకి పరుగెత్తడం, ఎర్రలైటు కింద ఫిల్మ్‌ని హ్యాంగర్‌కి తగిలించి, బొమ్మను బయటికి తెచ్చే డెవలపర్‌లో ముంచడం, నీళ్లలో ముంచి తీయడం, బొమ్మ చెరగకుండా నిలిపే హైపోలో వేయడం. రోజుకు ఎన్నిసార్లు చేసేదాన్నో లెక్క లేదు. హైపోలో వేసిన కాసేపటికి పాలలా తెల్లగా ఉన్న ఫిల్మ్ మెల్లగా తేటపడి, దాని వెనక నా వేళ్లు కనిపించడం మొదలయ్యేది. విరిగిన ఎముకలో గీతను ముందు చూసేది డాక్టరు కాదు, నేనే. తర్వాత డిజిటల్ వచ్చింది. డార్క్‌రూమ్ స్టోర్‌రూమ్ అయింది. డిజిటల్ రావడం రోగులకు మంచిదే, అందులో నాకు సందేహం లేదు. కానీ ఆ తేటపడే నిమిషం కోసం చేతులు వెతుక్కుంటూనే ఉన్నాయి.

2019లో ఒక పాత కెమెరా కొన్నాను. 1970ల నాటిది. షట్టర్ అంతా మెకానికల్, లైట్ మీటర్‌కి మాత్రం గుండీ అంత బ్యాటరీ. వెనక తలుపు చుట్టూ ఉండే నల్ల స్పాంజి కరిగి తారులా అంటుకుపోయింది. అది ఆ వయసు కెమెరాలన్నిటికీ ఉండే జబ్బే. పుల్లతో గీకి, స్పిరిట్‌తో తుడిచి, కొత్త ఫోమ్ కత్తిరించి అతికించాను. మొదటి రెండు రీళ్లు ఒక ల్యాబ్‌లో కడగడానికి ఇచ్చాను. రెండిటి మీదా ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే గీత పడి వచ్చింది. అప్పుడే నిర్ణయించుకున్నాను, నా రీళ్లు నేనే కడుక్కుంటానని.

తెలిసిన పనే కదా అనుకున్నాను. కానీ ఒక తేడా ఉంది. ఎక్స్‌రే ఫిల్మ్‌కి ఎరుపు కనిపించదు, అందుకే ఎర్రలైటు పెట్టుకుని పని చేయొచ్చు. కెమెరా ఫిల్మ్‌కి అన్ని రంగులూ కనిపిస్తాయి. రీల్ విప్పి, కడిగే ట్యాంకులో పెట్టి మూత వేసేదాకా కటిక చీకటి ఉండాలి. ఆ చీకట్లో, ఫిల్మ్‌ని చుట్టి ట్యాంకులో పెట్టే ప్లాస్టిక్ స్పైరల్ గాడిలోకి ఫిల్మ్ కొసను జొనిపి, రెండు చేతులూ ముందుకూ వెనక్కూ ఆడిస్తూ అయిదడుగుల ఫిల్మ్‌ని లోపలికి నడిపించాలి. స్పైరల్ మీద ఎక్కడైనా తడి ఉంటే ఫిల్మ్ అక్కడే మొరాయిస్తుంది. చెమట పట్టిన వేళ్లు కూడా అంతే చేస్తాయి. బలవంతం చేస్తే మడత పడుతుంది, మడత పడినచోట నెలవంకలాంటి మచ్చ వస్తుంది. అందుకని ఒక పాడైన రీల్ తెచ్చుకుని ముందు వెలుతురులో, తర్వాత కళ్లు మూసుకుని, ఆ తర్వాత చీకట్లో, మూడు రోజులు అదే పని చేశాను. కొత్తగా మొదలుపెట్టేవాళ్లు అడిగితే ఇప్పటికీ ముందు చెప్పేది ఇదే. రసాయనాల గురించి తర్వాత మాట్లాడుకోవచ్చు. ముందు వేళ్లకు స్పైరల్ తెలియాలి.

నేను ఎక్కువగా వాడేది ఇల్ఫర్డ్ హెచ్‌పీ5 ప్లస్ అనే నలుపు తెలుపు ఫిల్మ్. ఐడీ-11 డెవలపర్ నీళ్లు కలపకుండా వాడితే 20 డిగ్రీల దగ్గర ఏడున్నర నిమిషాలు. ఎండాకాలంలో నీళ్లు 20 డిగ్రీలు ఎక్కడ ఉంటాయి? ఐస్ వేసిన బకెట్‌లో సీసాలు పెట్టి, థర్మామీటర్ చూస్తూ కూర్చుంటాను. 24 దాకా ఫరవాలేదు, టైము తగ్గించుకోవచ్చు. కానీ డెవలపర్‌లో అయిదు నిమిషాల కన్నా తక్కువ ఉంచాల్సి వస్తే మాత్రం వద్దు, బొమ్మ సమంగా రాదు. మొదటి పది సెకన్లలో ట్యాంకుని నాలుగుసార్లు తలకిందులు చేయడం, తర్వాత ప్రతి నిమిషం మొదట్లో అదే మళ్లీ చేయడం. చేసిన ప్రతిసారీ ట్యాంకుని బల్ల మీద తట్టాలి, బుడగలు అంటుకోకుండా. హైపోకి ఒక సులువైన పరీక్ష ఉంది. రీల్ కొస నుంచి చిన్న ముక్క కత్తిరించి హైపోలో వేసి, ఎంతసేపటికి తేటపడిందో చూడాలి. దానికి రెట్టింపు సేపు రీల్‌ని ఉంచితే చాలు. తేటపడడానికి కొత్తలో పట్టిన టైముకి రెట్టింపు పడుతుంటే ఆ హైపో అయిపోయినట్టే. (ఇప్పుడు సీసాల్లో వచ్చే ఫిక్సర్ వేరే రకం రసాయనం. మా నోటికి మాత్రం అన్నీ హైపోలే.)

ఇంత శ్రద్ధగా కడిగినా మొదటి మూడు రీళ్లూ పల్చగా వచ్చాయి. నెగటివ్‌ని కిటికీకి అడ్డం పెడితే బొమ్మ ఉండీ లేనట్టుగా ఉంది. నీడలున్న చోట గాజులా ఖాళీ. డెవలపర్ పాతదేమో, టైము చాలలేదేమో, థర్మామీటర్ తప్పు చూపిస్తోందేమో. ఒకటే టెన్షన్. మూడో రీల్ అయ్యాక ఇక లాభం లేదని మాస్టారికి ఫోన్ చేశాను.

మాస్టారు ముప్పై ఏళ్లకు పైగా స్టూడియో నడిపి మానేసినాయన. కెమెరాలు మెడలో వేసుకుని కొంతమంది పొద్దున్నే కలిసి నడుస్తుంటే, ఒకరోజు నేనూ వెళ్లాను. అక్కడ పరిచయం. అంతా విని ఒకటే అడిగారు.

"అంచు మీద నంబర్లు ఎలా ఉన్నాయమ్మా?"

"బొమ్మలు పల్చగా ఉన్నాయి మాస్టారూ."

"బొమ్మల సంగతి తర్వాత. రంధ్రాల పక్కన ఫిల్మ్ పేరు, ఫ్రేము నంబర్లు ఉంటాయి కదా. అవి నల్లగా ఉన్నాయా, వెలిసిపోయినట్టున్నాయా?"

నెగటివ్ మళ్లీ కిటికీ దగ్గరికి తీసుకెళ్లాను. అక్షరాలు నిగనిగలాడుతున్నాయి. "నల్లగా, స్పష్టంగా ఉన్నాయండీ."

"అయితే నువ్వు బాగానే కడిగావు. వెలుతురే చాలలేదు. కెమెరాలో బ్యాటరీ ఏం వేశావో చూడు."

ఆ అక్షరాలను ఫ్యాక్టరీలోనే వెలుతురుతో ముద్రిస్తారు. వాటి మీద మన కెమెరాకు ఏ అధికారమూ లేదు. మనం కడిగినప్పుడే అవి కూడా బయటికి వస్తాయి. అవి నల్లగా వచ్చి బొమ్మ పల్చగా ఉంటే తప్పు కెమెరాలో జరిగింది. అవి కూడా పల్చగా ఉంటే తప్పు ట్యాంకులో జరిగింది. ప్రతి రీల్ అంచున ఇంత మంచి సాక్షి ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. అన్నేళ్లు ఫిల్మ్ కడిగినదాన్ని, నాకే తోచలేదు.

మాస్టారు అనుమానించినట్టే బ్యాటరీ దగ్గరే వచ్చింది చిక్కు. ఆ రోజుల్లో ఈ కెమెరాలను పాదరసం బ్యాటరీ కోసం తయారుచేశారు, 1.35 వోల్టులు. పాదరసం విషమని ఆ బ్యాటరీలు ఆపేశారు. అదే సైజులో ఇప్పుడు దొరికే ఆల్కలైన్ బ్యాటరీ 1.5 వోల్టులు. ఆ కాస్త తేడాకే ముల్లు పైకి లేస్తుంది. ఉన్న వెలుతురు కన్నా ఎక్కువ ఉందని మీటర్ చెబుతుంది, మనం నమ్మి తక్కువ ఎక్స్‌పోజర్ ఇస్తాం. కొన్ని కెమెరాల్లో సర్క్యూట్ ఈ తేడాని సర్దుకుంటుంది, నాదాన్లో సర్దుకోదు. వినికిడి మిషన్లలో వేసే జింక్ ఎయిర్ బ్యాటరీ వేయమన్నారు మాస్టారు. అది 1.4 వోల్టుల దగ్గర ఉంటుంది. స్టిక్కర్ పీకాక కొన్ని నెలలే పనిచేస్తుంది గానీ ఉన్నంతకాలం నిజం చెబుతుంది. నమ్మకం కుదరడానికి మిట్టమధ్యాహ్నం ఎండలో పరీక్ష కూడా చెప్పారు. లెన్స్ రంధ్రం ఎఫ్/16 పెట్టు, షట్టర్ స్పీడు ఫిల్మ్ స్పీడుకి (వెలుతురుకి ఫిల్మ్ ఎంత చురుకో చెప్పే అంకె) దగ్గరగా పెట్టు, 400 ఫిల్మ్ అయితే 1/500. ముల్లు మధ్యలో నిలబడితే మీటర్ మంచిదే. కొత్త బ్యాటరీతో నిలబడింది. నాలుగో రీల్ హ్యాంగర్ మీద ఆరుతుంటే ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చుని చూశాను.

"అంచు మీద నంబర్లు ఎలా ఉన్నాయి?" అని ఆ తర్వాత నేను ఎంతమందిని అడిగానో. పల్చటి నెగటివ్ ఫొటో తీసి పంపేవాళ్లు చాలావరకు బొమ్మ ఉన్న చోటు మాత్రమే కత్తిరించి పంపుతారు. అంచులతో సహా పంపమని మళ్లీ అడుగుతాను. ఒకమ్మాయి పంపిన రీల్‌లో ఒక అంచు పొడవునా పట్టీలా తెల్లబడి ఉంది. డెవలపర్ ఎంత పోశావని అడిగితే 250 మిల్లీలీటర్లంది. ఆ అమ్మాయిది పేటర్సన్ ట్యాంకు. దానికి 35 ఎంఎం రీల్ ఒకటి కడగాలంటే 290 కావాలి. ఆ సంగతి ట్యాంకు అడుగునే అచ్చువేసి ఉంటుంది, తిరగేసి చూస్తేనే కనిపిస్తుంది. మా ఫిల్మ్ వాళ్ల మధ్య సగం మాటలు ఇలాంటివే. ఫోమా ఫిల్మ్ తడిపితే ఆకుపచ్చ నీళ్లు వచ్చాయి, పాడైపోయిందా అని ఒకరు భయపడతారు. కాదు, అది అడుగున ఉండే రంగు కరగడం, పారబోసెయ్యి అని ఇంకొకరు చెబుతారు.

ఇంత నేర్చుకున్నాక కూడా ఆ అయిదు రీళ్ల మూత తీయలేదంటే కారణం భయం. ఇవి అయిపోతే ఇక దొరకవు. అలా భయపడడానికి కారణాలు లేకపోలేదు. 2012 జనవరిలో కొడాక్ దివాలా పిటిషన్ వేసింది. అదే ఏడాది ఎక్టాక్రోమ్ స్లైడ్ ఫిల్మ్‌లను ఆపేసింది. 2018లో ఫుజీ తన ఆఖరి నలుపు తెలుపు ఫిల్మ్ ఆక్రోస్‌ని ఆపింది. 2021లో ప్రో 400హెచ్. ముడిసరుకు దొరకడం కష్టమైందని చెప్పారు. అందులో మామూలుగా ఉండే మూడు రంగుల పొరలకు తోడు నాలుగోది ఒకటి ఉండేది. ఎక్స్‌పోజర్ కాస్త ఎక్కువిస్తే ఆకుపచ్చలు మెత్తబడి, చర్మం రంగు మంచు పట్టినట్టు తేలికగా వచ్చేది. పెళ్లి ఫొటోలు తీసేవాళ్లు దాని కోసం ప్రాణం పెట్టేవాళ్లు.

ఆగిపోయిన ఫిల్మ్‌ని మీట నొక్కి మళ్లీ మొదలుపెట్టలేరు. జెలటిన్‌లో వెండి లవణాలు కలిపి, కలర్ ఫిల్మ్ అయితే పదికి పైగా పొరలు, ఒక్కోటి వెంట్రుక కన్నా పల్చన, బారెడు వెడల్పు ప్లాస్టిక్ షీట్ మీద పరుగెత్తిస్తూ పూయాలి. అదీ చీకట్లో. కొడాక్‌కి రోచెస్టర్‌లోని 38వ నంబరు భవనంలో ఆ పని జరుగుతుంది. అలాంటి యంత్రం రోజుకు పది రీళ్లు చేస్తానంటే కుదరదు, కిలోమీటర్ల కొద్దీ నడవాలి. అది ఇప్పటికీ నడుస్తోందంటే సినిమా వాళ్ల పుణ్యం చాలా ఉంది. 2014లో క్రిస్టఫర్ నోలన్, క్వెంటిన్ టరంటినో లాంటి దర్శకులు పట్టుబట్టడం, 2015లో హాలీవుడ్ స్టూడియోలు ఫిల్మ్ కొంటామని ఒప్పందాలు చేసుకోవడం లేకపోతే ఈ రోజు నా కెమెరాలోకి కొడాక్ కలర్ రీల్ వచ్చేదని నేను అనుకోను.

ఆపేసిన వాటిలో కొన్ని తిరిగి వచ్చాయి కూడా. ఎక్టాక్రోమ్‌ని మళ్లీ తెస్తామని 2017 జనవరిలో చెప్పిన కొడాక్, పాత దినుసులు కొన్ని దొరక్క కొత్తగా కూర్చి, 2018లో మార్కెట్లోకి తెచ్చింది. ఆక్రోస్ 2019లో రెండో అవతారం ఎత్తింది, డబ్బా మీద యూకేలో తయారీ అని రాసి ఉంటుంది. 2024 జూన్‌లో పెంటాక్స్ 17 వచ్చింది. పెద్ద కంపెనీ కొత్తగా ఫిల్మ్ కెమెరా చేయడం, అదీ బొటనవేలితో తిప్పే వైండింగ్ లివర్‌తో! ఆ పనితనం తెలిసిన పాత తరం ఇంజినీర్ల దగ్గర కొత్తవాళ్లు నేర్చుకుని చేశారని చదివినప్పుడు నాకు మాస్టారే గుర్తొచ్చారు. 2025 అక్టోబరులో కొడాక్ తన పాత పేరు కొడాకలర్‌తో 100, 200 స్పీడు ఫిల్మ్‌లు తెచ్చింది.

వీటన్నిటిలో నన్ను కదిలించింది మాత్రం ఫీనిక్స్. ఇల్ఫర్డ్ ఫిల్మ్‌లు చేసే హార్మన్ టెక్నాలజీ ఇంగ్లండ్‌లో మాబర్లీ అనే ఊళ్లో ఉంది. 2004లో ఇల్ఫర్డ్ అప్పుల్లో కూరుకుపోతే, అక్కడి మేనేజర్లే 2005లో దాన్ని కొని నిలబెట్టారు. నలుపు తెలుపు తప్ప ఎరగని ఆ సంస్థ 2023 డిసెంబరులో ఫీనిక్స్ 200 అని సొంత కలర్ ఫిల్మ్ విడుదల చేసింది. ఇది మా తొలి ప్రయత్నం, ఇంకా చేయాల్సింది ఉంది, మీరు కొన్న డబ్బు తర్వాతి ఫిల్మ్ పరిశోధనకే పెడతాం అని దాచుకోకుండా చెప్పారు. మామూలు కలర్ నెగటివ్‌కి ఉండే నారింజ రంగు దీనికి లేదు. కాంట్రాస్ట్ మరీ ఎక్కువ. దీపాల చుట్టూ ఎర్రటి వెలుగు అలుముకుంటుంది, ఎందుకంటే వెలుతురు ఫిల్మ్ వెనక తగిలి తిరిగొచ్చి పొరల్లో చిందకుండా ఆపే ఏర్పాటు సరిగా లేదు. 200 అని రాసి ఉన్నా నేను 125 దగ్గర పెట్టి తీశాను, నీడలకు అదే నయం. అందమైన ఫిల్మా అంటే కాదు. కానీ మూడు రీళ్లు వరసగా తీశాను. నాలాంటివాళ్లు ఎంతోమంది తీసి, బాగున్నది బాగుందని, బాగాలేనిది లేదని చెప్పారు. 2025 జులైలో ఫీనిక్స్ 2 వచ్చింది. గ్రెయిన్ (బొమ్మలో కనిపించే రవ్వ) తగ్గింది, కాంట్రాస్ట్ దారికొచ్చింది.

మొదటి ఫీనిక్స్ రీల్ ఆరబెట్టిన రోజే ఫ్రిజ్‌లో డబ్బా బయటికి తీశాను. నేను కొని దాచినవాటి వల్ల ఎవరికి ఏం ఒరిగింది? ఒక్క ఫ్రేము లేదు. అవి ఎలా ఉన్నాయో కూడా నాకు తెలియదు.

ఎలా ఉంటాయో ఊహించగలను, నా వృత్తే అది. చలి వల్ల రసాయన మార్పులు నెమ్మదిస్తాయి. కానీ నేలలోంచి, ఆకాశంలోంచి నిత్యం వచ్చే సహజ రేడియేషన్‌ను ఏ ఫ్రిజ్జూ ఆపదు. అది చుక్కచుక్కగా ఫిల్మ్‌ని తాకుతూ సన్నటి పొగలా పరుచుకుంటుంది. స్పీడు ఎక్కువున్న ఫిల్మ్‌కి ఆ పొగ ముందు పడుతుంది. 100 ఫిల్మ్ అయితే ఇంకొన్నాళ్లు ఊరుకోవచ్చు, 400ని అలా వదిలేయకూడదు. ఎయిర్‌పోర్టుల గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చేతి సంచుల కోసం కొత్తగా పెడుతున్న సీటీ స్కానర్లు పాత ఎక్స్‌రే యంత్రాల్లాంటివి కావు, సంచి చుట్టూ తిరిగి ఎన్నో కోణాల నుంచి కిరణాలు పంపుతాయి. ఒక్కసారి చాలు ఫిల్మ్ పాడవడానికి. కొడాక్, ఇల్ఫర్డ్ ఇద్దరూ హెచ్చరించారు. రీళ్లు విడిగా పారదర్శకమైన కవర్‌లో వేసి, చేత్తో చూడమని మర్యాదగా అడగండి. లగేజీలో మాత్రం ఎప్పుడూ వేయకండి.

మొదటి రీల్ ఒక స్నేహితురాలితో పంచుకున్నాను. ఆవిడ ముఖం నేను ఇప్పటికీ చూడలేదు. ఒకరు రీల్ అంతా తీసి, కొస లోపలికి పోకుండా వెనక్కి చుట్టి రెండోవాళ్లకి పంపుతారు. వాళ్లు దాని మీదే మళ్లీ తీస్తారు. ప్రతి ఫ్రేములో ఇద్దరి బొమ్మలూ ఉంటాయి. ఎవరేం తీశారో ముందు చెప్పుకోకూడదని మా ఒప్పందం.

దీనికి చేతి నేర్పు కావాలి. ఫిల్మ్ ఎక్కించేటప్పుడు, వెనక తలుపు మూయకముందు, ఫ్రేము కిటికీ ఎడమ అంచు ఎక్కడుందో అక్కడ ఫిల్మ్ మీద బాల్‌పెన్‌తో అడ్డగీత పెట్టాలి. రెండోవాళ్లు తమ కెమెరాలో అదే గీతని అదే అంచుకి కూర్చోబెట్టుకోవాలి. లేకపోతే ఒకరి ఫ్రేము ఇంకొకరి రెండు ఫ్రేముల మధ్య పడుతుంది. రీల్ అయ్యాక వెనక్కి చుట్టడం ఇంకా నాజూకు పని. కెమెరాని చెవికి దగ్గరగా పెట్టుకుని తిప్పుతాను. లోపల ఫిల్మ్ రాసుకుంటున్న చప్పుడు వస్తుంది, వేళ్లకు బిగువు తెలుస్తుంది. అవతలి స్పూల్ నుంచి కొస జారే ముందు బిగువు కొంచెం పెరిగి, టక్కుమని వదిలేస్తుంది. అక్కడ ఆగాలి. ఇంకొక్క చుట్టు తిప్పామా, కొస లోపలికి పోతుంది.

ఎక్స్‌పోజర్ సంగతి. రెండు బొమ్మలు ఒకే ఫ్రేములో పడతాయి కాబట్టి ఇద్దరూ ఒక్కో స్టాప్ తక్కువిచ్చి, అంటే సగం వెలుతురే ఇచ్చి, మీటర్‌ని 800 దగ్గర పెట్టి తీయాలన్నది మామూలు లెక్క. ఫిల్మ్ పాతది, పొగ పట్టి ఉంటుంది, అందుకని ఇద్దరం 400 దగ్గరే ఉంచుదామన్నాను. నెగటివ్ ఫిల్మ్ ఎక్కువ వెలుతురుని క్షమిస్తుంది, తక్కువను క్షమించదు.

తిరిగొచ్చిన రీల్‌ని నేనే కడిగాను. కలర్ నెగటివ్ కడిగే పద్ధతి పేరు సీ-41, 1972 నుంచి ఉన్నదే. డెవలపర్ 38 డిగ్రీలు, మూడుంబావు నిమిషాలు. నలుపు తెలుపులా ఇందులో వేడిని అటూ ఇటూ జరిపే వీలు లేదు, అర డిగ్రీ తేడా కూడా రంగులో తెలుస్తుంది. బకెట్‌లో వేడినీళ్లు కలుపుకుంటూ, సీసాలు అందులో మునిగి ఉండేలా చూసుకుంటూ, థర్మామీటర్ 38 దగ్గర నిలబడేదాకా ట్యాంకు ముట్టుకోలేదు.

పదిహేడో ఫ్రేము గురించి చెప్పాలి. నేను తీసింది ఒక పాత మేడ మెట్లు. కింది నుంచి పైకి, పైన కిటికీలోంచి వెలుతురు, మెట్ల కింద దట్టమైన చీకటి. ఆవిడ తీసింది వాళ్లమ్మగారి చేతులు, సూదిలోకి దారం ఎక్కిస్తూ. ఇలాంటి ఫ్రేములో మొదటి బొమ్మలో నీడ ఉన్నచోటే రెండోది కూర్చుంటుంది. వెలుతురున్న చోట ఫిల్మ్ అప్పటికే నిండిపోయి ఉంటుంది కదా. ఆ చేతులు సరిగ్గా మెట్ల కింద చీకట్లో పడ్డాయి. దారం మాత్రం పైకి సాగి, మూడో మెట్టు అంచు దగ్గర వెలుతురులో కలిసిపోయింది. నీడల్లో కాస్త ఆకుపచ్చ పాకింది, గ్రెయిన్ బాగా పెరిగింది, 2021లోనే వాడి ఉంటే ఇంత ఉండేది కాదు. నెగటివ్‌ని లైట్ ప్యానెల్ మీద పెట్టి మాక్రో లెన్స్‌తో ఫొటో తీసి రంగులు తిప్పి పంపాను. ఆవిడ చాలాసేపు ఏమీ రాయలేదు. తర్వాత ఒక్క ముక్క రాశారు: "అమ్మకి చూపించాను. మెట్లు ఎవరింటివి అని అడిగింది."

రెండో రీల్ మొత్తం మాస్టారి మీద ఖర్చు చేశాను, ఒకే మధ్యాహ్నం. ముప్పై ఏళ్లు ఊరందరి ఫొటోలూ తీసినాయనకి సొంత ఫొటోలు వేళ్ల మీద లెక్కపెట్టేన్ని. కిటికీ పక్కన కూర్చోబెడితే, "ఆ చెంప మీద వెలుతురు ఎక్కువ, తెర కొంచెం లాగమ్మా" అని ఆయనే సర్దించారు. మూడోది పిన్‌హోల్ రోజున వాడాను. ఏటా ఏప్రిల్ ఆఖరి ఆదివారం ప్రపంచమంతా సూదిబెజ్జం కెమెరాలతో ఫొటోలు తీసే రోజది, 2001 నుంచి జరుగుతోంది. బొమ్మలు మెత్తగా వచ్చాయి, రెండు మాత్రం దాచుకోదగ్గవి. నాలుగోది పెంటాక్స్ 17 కొన్న ఒక కాలేజీ అమ్మాయికి ఇచ్చాను. అది సగం ఫ్రేము కెమెరా, 36 రీల్‌లో 72 వస్తాయి. ఫ్రిజ్‌లోంచి తీసిన రీల్‌ని రెండు మూడు గంటలు బయట ఉంచాకే డబ్బా తెరవమని, లేకపోతే తేమ పడుతుందని చెప్పి ఇచ్చాను. 72 అయ్యేసరికి రెండు నెలలు పట్టిందట. ఇప్పుడు ట్యాంకు కొనుక్కుంది.

అయిదోది మళ్లీ అదే స్నేహితురాలికి. ఈసారి నేను ఎక్కువ భాగం చీకటే తీశాను. వాకిట్లో గోడ నీడ, మా స్టోర్‌రూమ్ అయిపోయిన పాత డార్క్‌రూమ్ తలుపు, వర్షానికి తడిసిన నల్లటి రోడ్డు. ఆవిడ బొమ్మలు కూర్చోవడానికి చోటు ఉండాలి కదా. నిన్న సాయంత్రం చెవి దగ్గర పెట్టుకుని వెనక్కి చుట్టి, టక్కుమనగానే ఆపి, బయటికి తీశాను. గీత చెరగలేదు. డబ్బాలో పెట్టి, చిన్న కాగితం మడిచి లోపల పెట్టి పోస్టులో వేశాను.

"గీత ఎడమ అంచుకి. 400 దగ్గరే ఉంచండి. ఈసారి అమ్మగారినే నొక్కమనండి."